డిస్క్ నిండిందన్న హెచ్చరిక: పాత కంప్యూటర్‌లో అసలు లోటు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

మా జిల్లా కేంద్రంలో ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు చేసే ఒక చిన్న డీటీపీ షాపు యజమాని ఒక సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, నాలుగు రోజుల్నుంచి పాత జాబులన్నీ తీసేస్తూనే ఉన్నాను, ఎనిమిది జీబీ దాకా పోయింది, అయినా అయిదు నిమిషాలకోసారి డిస్క్ నిండిందనే అంటోంది, ఇంకేం తీసెయ్యమంటారు?" అని అడిగారు. వెళ్లి చూస్తే ఆ కంప్యూటర్ 2012 నాటిది. విండోస్ 7తో కొన్నది, తరువాత విండోస్ 10కి మార్చుకున్నది. సి డ్రైవ్‌లో 61 జీబీ, డి డ్రైవ్‌లో 120 జీబీ ఖాళీగానే ఉన్నాయి. తెర కుడివైపు కింది మూలన లేచిన హెచ్చరికలో ఉన్న అక్షరం మాత్రం సి కాదు, డి కాదు, ఎఫ్. ఆ ఎఫ్ డ్రైవ్ మొత్తం కలిపితే 450 ఎంబీ. ఆయన తుడిచినవన్నీ డి డ్రైవ్‌లో ఉన్న ఖాతాదారుల ఫైళ్లు కాబట్టి, ఇంకో నాలుగు నెలలు తుడిచినా ఆ హెచ్చరిక ఆగేది కాదు.

ఇలాంటి హెచ్చరికలు పూర్తిగా అబద్ధాలని అనలేము. అందులోని అంకె చాలాసార్లు నిజమే అయి ఉంటుంది; అది ఏ డిస్క్ గురించి, ఎవరి లెక్క ప్రకారం అన్న దగ్గరే మనం పొరబడతాము. అందువల్ల ఒక్క ఫైలైనా తీసేయకముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. హెచ్చరిస్తున్నది విండోసా, మనం వాడుతున్న ప్రోగ్రామా అన్నది మొదటిది. అది ఏ డ్రైవ్ గురించి హెచ్చరిస్తోందన్నది రెండోది. ఈ రెండూ తేలేదాకా, అక్కరలేని ఫైళ్లను తుడవడానికి విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ కూడా నడపవలసిన అవసరం లేదు.

ముందు డ్రైవ్ అక్షరం చదవాలి

హెచ్చరిక మళ్లీ కనిపించినప్పుడు విసుగుతో మూసేయకుండా, అందులో ఉన్న డ్రైవ్ అక్షరాన్ని కాగితం మీద రాసుకోండి. తరువాత విండోస్ 7లో అయితే కంప్యూటర్, విండోస్ 10లో అయితే దిస్ పీసీ తెరిచి, వ్యూ మెనూలో డీటెయిల్స్ ఎంచుకుంటే ప్రతి డ్రైవ్ ఎదురుగా దాని మొత్తం పరిమాణం, మిగిలిన ఖాళీ అంకెల్లో కనిపిస్తాయి. మామూలుగా కనిపించే గీతల రంగును బట్టి మాత్రం నిర్ణయానికి రావద్దు. ఖాళీ పదో వంతుకు తగ్గగానే విండోస్ ఆ గీతను ఎర్రగా మార్చేస్తుంది. ఒక టీబీ డిస్క్‌లో 90 జీబీ మిగిలి ఉన్నా ఆ గీత ఎరుపే, కాని 90 జీబీ ఉన్న డిస్క్‌తో మామూలు ఆఫీసు పని ఏళ్ల తరబడి సాగిపోతుంది. అసలు బుడగ హెచ్చరికకు కొలమానం వేరు. విండోస్ ఎక్స్‌పీలో ఖాళీ 200 ఎంబీ కంటే తగ్గినప్పుడు మొదటి హెచ్చరిక, 80 ఎంబీ దగ్గర రెండోది వచ్చేవి; 50 ఎంబీ కంటే తగ్గితే అయిదు నిమిషాలకోసారి బుడగ లేచేది.

కొత్తగా చూసేవారిని ఇంకో అంకె కూడా కంగారు పెడుతుంది. 500 జీబీ అని డబ్బా మీద రాసిన డిస్క్ విండోస్‌లో 465 జీబీగా, ఒక టీబీ డిస్క్ 931 జీబీగా కనిపిస్తాయి. తయారీదారు కిలోకు 1000 చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కించడమే ఇందుకు కారణం. మిగతా 35 జీబీ ఎక్కడికీ పోలేదు, వెతకనక్కర్లేదు.

అక్షరమే ఉండకూడని పార్టిషన్

డిస్క్‌ను భాగాలుగా విడగొడితే ఒక్కో భాగాన్ని పార్టిషన్ అంటారు. పైన చెప్పిన షాపులో గొడవ అలాంటి ఒక భాగంతోనే వచ్చింది. విండోస్ పాడైనప్పుడు మరమ్మతు చేసుకోవడానికి పనికొచ్చే ఫైళ్లను ఒక చిన్న రికవరీ పార్టిషన్‌లో దాచి ఉంచుతారు. దానికి డ్రైవ్ అక్షరం ఉండకూడదు. ఉండదు కాబట్టే మనకు మామూలుగా కనిపించదు. కాని 2018 ఏప్రిల్‌లో విడుదలైన విండోస్ 10 వెర్షన్ 1803 అప్‌డేట్ తరువాత చాలా కంప్యూటర్లలో ఈ పార్టిషన్‌కు ఒక అక్షరం తగులుకుంది. అది మొదటినుంచీ దాదాపు నిండుగా ఉండేదే. అక్షరం రాగానే విండోస్ దాన్ని కూడా మామూలు డ్రైవ్‌గా ఎంచి, ఖాళీ తక్కువగా ఉందని గగ్గోలు పెట్టడం మొదలుపెడుతుంది. తెరిచి చూస్తే లోపల ఏమీ కనిపించదు, ఎందుకంటే అక్కడి ఫైళ్లన్నీ దాచిన సిస్టమ్ ఫైళ్లు. ఖాళీగా కనిపించే డ్రైవ్ నిండిపోయిందని కంప్యూటర్ అంటూ ఉంటే ఎవరికైనా తల తిరగడం సహజమే.

ఇది ఆ పార్టిషనేనా అని నిర్ధారించుకోవడానికి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవాలి. విండోస్ 7లో కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ లోకి వెళ్తే ఎడమవైపు అదే పేరు కనిపిస్తుంది. కింది భాగంలో డిస్క్ పొడవునా పార్టిషన్లు గళ్లుగా గీసి ఉంటాయి. హెచ్చరికలో ఉన్న అక్షరం కొన్ని వందల ఎంబీల గడిలో ఉండి, ఆ గడి కింద రికవరీ పార్టిషన్ అని గాని, ఓఈఎం పార్టిషన్ అని గాని రాసి ఉంటే అనుమానం తీరినట్టే. సిస్టమ్ రిజర్వ్‌డ్ అనే పేరు కనిపిస్తే అది కంప్యూటర్ లేచేటప్పుడు వాడే పార్టిషన్. విండోస్ 7 దాన్ని 100 ఎంబీతో, విండోస్ 8 350 ఎంబీతో, విండోస్ 10 500 ఎంబీతో సృష్టిస్తాయి. వీటిలో దేన్నీ డిలీట్ చేయకూడదు, ఫార్మాట్ చేయకూడదు. మనం తీయవలసింది అక్షరాన్ని మాత్రమే.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ గడి మీద రైట్ క్లిక్ చేస్తే చాలాసార్లు హెల్ప్ అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ రాదు. కాబట్టి స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, వచ్చిన కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోవాలి. నల్లని విండో తెరుచుకున్నాక మౌంట్‌వాల్ (mountvol) అనే మాటను ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక ఖాళీ విడిచి, డ్రైవ్ అక్షరం ఎఫ్, దాని వెంటనే కోలన్, మళ్లీ ఒక ఖాళీ, ఆ తరువాత స్లాష్, డి అని కొట్టి ఎంటర్ నొక్కాలి. ఇక్కడ డి అంటే డిలీట్ అని తెలిసిన వారు చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను చూశాను. అది తుడిచేది డ్రైవ్‌కు తగిలించిన అక్షరాన్నే గాని లోపలి ఫైళ్లను కాదు. అయినా ఎంటర్ నొక్కేముందు అక్షరం సరిగా ఉందా అని రెండోసారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే పొరపాటున డి డ్రైవ్ అక్షరం తీసేస్తే ఫైళ్లకు ఏమీ కాకపోయినా, అది మళ్లీ కనిపించేలోపు షాపులో పని ఆగిపోతుంది.

దీనికి లొంగకపోతే అదే నల్లని విండోలో డిస్క్‌పార్ట్ నడపాలి. లిస్ట్ వాల్యూమ్ అని కొడితే వాల్యూములన్నీ, అంటే మన పార్టిషన్లే, వరుస సంఖ్యలతో, పరిమాణంతో సహా వస్తాయి. మన 450 ఎంబీ వాల్యూము సంఖ్య 3 అనుకుంటే సెలెక్ట్ వాల్యూమ్ 3 అని, తరువాత రిమూవ్ లెటర్, ఈక్వల్స్ గుర్తు, ఎఫ్ అని కొట్టి, ఎగ్జిట్‌తో బయటకు రావాలి. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే కమాండ్ కూడా ఉంది. పేరు ఎంత శుభ్రంగా ఉన్నా అది డిస్క్ మీది పార్టిషన్లన్నిటినీ ఎగరగొడుతుంది కాబట్టి, ఎవరో చెప్పారని దాన్ని కొట్టవద్దు.

పాత ల్యాప్‌టాప్‌లలో ఇదే సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు పది పదిహేను జీబీల రికవరీ పార్టిషన్‌కు తామే డి అనే అక్షరం ఇచ్చి అమ్మేవి. డి అంటే మనవాళ్లకు డేటా డ్రైవ్ అని అలవాటు కావడం వల్ల, పాటలు, ఫొటోలు అందులో పెట్టినవారున్నారు. వాటిని బయటకు తరలిస్తే సరిపోతుంది. అంతకంటె తెలియకుండా జరిగేది విండోస్ 7 బ్యాకప్ అందులోకి చేరడం. డి డ్రైవ్‌లో మీ కంప్యూటర్ పేరుతోనే ఒక ఫోల్డర్, దాని పక్కన మీడియాఐడీ అనే చిన్న ఫైలు ఉన్నాయంటే ప్రతి ఆదివారమో మరెప్పుడో బ్యాకప్ అక్కడికే వెళ్తోందని అర్థం. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిచి, మేనేజ్ స్పేస్ ద్వారా పాత బ్యాకప్‌లు తీసేసి, ఛేంజ్ సెట్టింగ్స్‌లో గమ్యాన్ని బయటి హార్డ్ డిస్క్‌కు మార్చాలి. ఒకే డిస్క్ మీద ఉన్న రెండు పార్టిషన్లలో అసలు ఒకచోట, బ్యాకప్ ఇంకోచోట పెట్టుకుంటే ఆ డిస్క్ చెడిపోయిన రోజున రెండూ కలిసే పోతాయి.

సి డ్రైవే నిండింది, కాని లెక్క కుదరదు

హెచ్చరికలోని అక్షరం సి అయి, అంకె కూడా నిజంగానే చిన్నదిగా ఉంటే పరిస్థితి వేరు. ఇక్కడ మోసం చేసేది కూడిక. సి డ్రైవ్ తెరిచి, ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 70 జీబీ వస్తుంది. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో మాత్రం వాడినది 110 జీబీ అని ఉంటుంది. మధ్యలో 40 జీబీ ఏమైందన్న ప్రశ్నకు వైరస్ అన్న సమాధానం మన దగ్గర సిద్ధంగా ఉంటుంది గాని, చాలా సందర్భాల్లో కారణం అది కాదు. మన ఖాతాకు అనుమతి లేని ఫోల్డర్లను, దాచిన సిస్టమ్ ఫైళ్లను ఆ కూడిక వదిలేస్తుంది. విన్‌డిర్‌స్టాట్, విజ్‌ట్రీ, ట్రీసైజ్ ఫ్రీ వంటి ఉచిత సాధనాల్లో ఒకదాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే పెద్ద ఫైళ్లు పరిమాణం క్రమంలో ఎదుటికి వస్తాయి. అడ్మినిస్ట్రేటర్‌గా నడపకపోతే ఆ సాధనాలూ అదే తప్పు కూడిక చూపిస్తాయి.

అక్కడ మొదట కంటపడేవి హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్ అనే రెండు ఫైళ్లు. మొదటిది కంప్యూటర్ నిద్రాణ స్థితి (హైబర్నేట్)లోకి వెళ్లేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచుకునే ఫైలు, రెండోది ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది. మొదటిది విండోస్ 7లో ర్యామ్‌లో 75 శాతం, విండోస్ 10లో సాధారణంగా 40 శాతం ఉంటుంది. అంటే 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 7 కంప్యూటర్‌లో 6 జీబీ దానికే పోతుంది. నిద్రాణ స్థితి వాడని డెస్క్‌టాప్ అయితే, అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ విడిచి స్లాష్ హెచ్ అని, ఇంకో ఖాళీ విడిచి ఆఫ్ అని కొడితే ఆ ఫైలు పోతుంది. విండోస్ 10లో దానితోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది గనుక పాత హార్డ్ డిస్క్‌తో కంప్యూటర్ లేవడం కొంత ఆలస్యమవుతుంది. బ్యాటరీ నీరసించిన ల్యాప్‌టాప్‌లో నేనైతే దీన్ని తీయను. కరెంటు పోయినప్పుడు చేస్తున్న పనిని కాపాడేది అదే. పేజ్‌ఫైల్ జోలికి వెళ్లనే వద్దు.

కంప్యూటర్‌ను పాత స్థితికి తిరిగి తీసుకెళ్లడానికి విండోస్ దాచుకునే రిస్టోర్ పాయింట్లు ఆక్రమించే జాగా, మనం ఫైళ్లు చూసే ఎక్స్‌ప్లోరర్‌కు అసలే కనిపించదు. కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో సిస్టమ్ ప్రొటెక్షన్ తెరిచి, సి డ్రైవ్ ఎంచుకొని కాన్ఫిగర్ నొక్కితే ప్రస్తుతం ఎంత వాడుతున్నదీ, గరిష్ఠంగా ఎంత వాడవచ్చో తెలుస్తుంది. గరిష్ఠాన్ని నాలుగైదు జీబీలకు దించితే పాతవి వాటంతట అవే పోతాయి. అక్కడే ఉన్న డిలీట్ బటన్ ఆ డ్రైవ్ మీది రిస్టోర్ పాయింట్లన్నిటినీ ఒక్కసారిగా తీసేస్తుంది కాబట్టి, కంప్యూటర్ సవ్యంగా నడుస్తున్న రోజున తప్ప దాన్ని నొక్కవద్దు.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ మీద వచ్చినన్ని అపోహలు మరి దేని మీదా రాలేదు. విండోస్ ఫోల్డర్ లోపల ఉండే ఇది పదేళ్ల కంప్యూటర్‌లో పది, పదిహేను జీబీలు కనిపించడం మామూలే. కాని ఇందులోని ఫైళ్లలో చాలా భాగం సిస్టమ్32 వంటి ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లే; డిస్క్ మీద ఒక్కసారే ఉండి, హార్డ్ లింకుల ద్వారా రెండుచోట్లా కనిపిస్తాయి. ఎక్స్‌ప్లోరర్ రెండుచోట్లా లెక్కబెడుతుంది. ఆ ఫోల్డర్‌ను చేత్తో తుడిచిన కంప్యూటర్లు రెండు నా దగ్గరికి వచ్చాయి, రెండింటిలోనూ విండోస్ మళ్లీ వేయవలసి వచ్చింది. డిస్క్ క్లీనప్‌లో క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ బటన్ నొక్కి, విండోస్ అప్‌డేట్ క్లీనప్‌కు టిక్ పెట్టడమే సరైన దారి. విండోస్ 7కు ఈ సదుపాయం 2013 అక్టోబరులో వచ్చిన అప్‌డేట్‌తో చేరింది. విండోస్ 10కి మారి వారం కూడా కాకపోతే పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో ఉండవచ్చు. కొత్తది సవ్యంగా నడుస్తోందని నమ్మకం కుదిరాక దాన్నీ ఇక్కడినుంచే తీయవచ్చు.

విండోస్ 7లో ఒక వింత జబ్బు ఉంది. ఎంత ఖాళీ చేసినా రెండు రోజుల్లో సి డ్రైవ్ మళ్లీ నిండిపోతుంటే మొదట దీన్నే అనుమానించాలి. అప్‌డేట్ల వ్యవహారమంతా సీబీఎస్ అనే లాగ్ ఫైలులో రాసిపెట్టే పద్ధతి విండోస్‌ది. అది పెద్దదయ్యాక దాన్ని కుదించి క్యాబ్ ఫైలుగా మార్చే పని మేక్‌క్యాబ్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. లాగ్ ఫైలు 2 జీబీ దాటితే మేక్‌క్యాబ్ ఆ పని చేయలేదు. సగంలో ఆగి, అప్పటిదాకా చేసిన ముక్కను విండోస్ లోపలి టెంప్ ఫోల్డర్‌లో వదిలేస్తుంది. కొంతసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ ఒక ముక్క వదులుతుంది. అలా క్యాబ్ అనే మాటతో మొదలయ్యే ఫైళ్లు టెంప్‌లో వందల సంఖ్యలో పేరుకుపోతాయి. మనం పైన ఫొటోలు తీసేస్తూ ఉంటే కింద అది నింపుతూ ఉంటుంది. దీనికి విరుగుడుగా సర్వీసెస్ తెరిచి విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్‌ను స్టాప్ చేసి, విండోస్ ఫోల్డర్‌లోని లాగ్స్‌లో సీబీఎస్ ఫోల్డర్ తెరిచి సీబీఎస్‌పర్సిస్ట్ అనే పేరుతో ఉన్న పెద్ద లాగ్ ఫైళ్లను, తరువాత టెంప్‌లోని క్యాబ్ ముక్కలను తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. మూలకారణం ఆ లాగ్ ఫైలు గనుక టెంప్ మాత్రమే ఖాళీ చేస్తే ఒకటి రెండు రోజుల్లో కథ మొదటికి వస్తుంది.

ఇవన్నీ కూడినా లెక్క కుదరకపోతే ఫైల్ సిస్టమ్ పట్టికలోనే తప్పు ఉండవచ్చు. కరెంటు హఠాత్తుగా పోయే చోట, యూపీఎస్ లేని కంప్యూటర్లలో ఇది ఎక్కువ. సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్ ద్వారా చెక్ డిస్క్ నడిపితే, ఖాళీ స్థలం వాడినట్టుగా నమోదై ఉందన్న అర్థం వచ్చే వాక్యం నివేదికలో కనిపించవచ్చు. అప్పుడు సరిచేయించి రీస్టార్ట్ చేస్తే ఆ జాగా తిరిగి వస్తుంది. కాని పాత డిస్క్ మీద చెక్ డిస్క్ నడిపేముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి కాపీ చేసుకోవడం తప్పనిసరి. ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో డిస్క్ పేరుతో 7వ నంబరు ఈవెంట్లు వరుసగా ఉంటే చెడిన బ్లాకులు ఉన్నట్టు. అప్పుడు మరమ్మతు ఆలోచన మాని కొత్త డిస్క్ కొనుక్కోవడమే మంచిది.

ప్రోగ్రామ్ నుంచి వచ్చే హెచ్చరిక

ఫ్లెక్సీ షాపుల్లో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ నిండిందన్నది. స్క్రాచ్ డిస్క్ అంటే ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ తాత్కాలికంగా రాసుకునే చోటు. మామూలుగా అది సి డ్రైవ్ మీదే ఉంటుంది కాబట్టి, డి డ్రైవ్‌లో 120 జీబీ ఉన్నా ఫొటోషాప్‌కు సంబంధం లేదు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో స్క్రాచ్ డిస్క్స్ తెరిచి డి డ్రైవ్‌ను కూడా చేర్చాలి. ప్రోగ్రామ్ తెరుచుకోకముందే ఆగిపోతుంటే కంట్రోల్, ఆల్ట్ కీలు రెండూ నొక్కి పట్టుకొని ఫొటోషాప్‌ను తెరిస్తే ఆ ఎంపిక ముందే వస్తుంది.

అయితే డిస్క్‌లో తగినంత చోటున్నా ఈ హెచ్చరిక వస్తే, తప్పు మనం కొట్టిన అంకెల్లో ఉంటుంది. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీకి కొత్త ఫైలు తెరుస్తూ, విజిటింగ్ కార్డుకు పెట్టినట్టు రిజల్యూషన్ 300 పెట్టామనుకోండి. 240 అంగుళాలను 300తో గుణిస్తే 72,000 పిక్సెళ్లు, 120 అంగుళాలను గుణిస్తే 36,000 పిక్సెళ్లు. రెండింటినీ గుణించి, ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల సీఎంవైకే పద్ధతి గనుక పిక్సెల్‌కు 4 బైట్లు వేస్తే ఒక్క లేయర్‌కే సుమారు 10 జీబీ కావాలి. నాలుగు లేయర్లు, వాటి హిస్టరీ కలిస్తే పాత కంప్యూటర్ ఎక్కడినుంచి తెస్తుంది? అదే ఫ్లెక్సీని 72 రిజల్యూషన్‌లో చేస్తే లేయర్‌కు 600 ఎంబీ లోపే సరిపోతుంది, రోడ్డు మీద నిలబడి చూసేవారికి తేడా తెలియదు. చిన్న ఫొటోను క్రాప్ చేస్తున్నప్పుడు ఈ హెచ్చరిక వస్తే, క్రాప్ టూల్ పైపట్టీలో కిందటిసారి కొట్టిన అంకెలు మిగిలిపోయాయేమో చూడాలి. పిక్సెళ్లు ఉండవలసిన చోట అంగుళాలు ఉండిపోతే పాస్‌పోర్టు ఫొటో కాస్తా గోడంత అవుతుంది. క్లియర్ బటన్ నొక్కితే సరి.

పెన్ డ్రైవ్ విషయంలో జరిగేది ఇంకో రకం. 32 జీబీ పెన్ డ్రైవ్‌లో 29 జీబీ ఖాళీ ఉంటుంది, 5 జీబీ పెళ్లి వీడియో ఎక్కదు. విండోస్ ఎక్స్‌పీ దీనికి డిస్క్‌లో ఖాళీ చాలదని, ఫైళ్లు తీసేయమని సందేశం ఇచ్చేది. అది శుద్ధ తప్పు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నందువల్ల 4 జీబీని చేరే ఏ ఒక్క ఫైలూ అందులో పట్టదు. ఎంత ఖాళీ ఉందన్న దానితో నిమిత్తం లేదు. విండోస్ విస్టా నుంచి ఈ సందేశాన్ని సరిదిద్ది, ఫైలు ఆ ఫైల్ సిస్టమ్‌కు మించి పెద్దదని చెబుతున్నారు. పెన్ డ్రైవ్‌లోని ఫైళ్లు వేరేచోట పెట్టుకొని దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా గాని, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా గాని ఫార్మాట్ చేస్తే వీడియో ఎక్కుతుంది. పాత టీవీలు, డీవీడీ ప్లేయర్లు కొన్ని ఫ్యాట్32 తప్ప చదవలేవు కాబట్టి, టీవీలో చూడటానికే అయితే వీడియోను రెండు ముక్కలు చేయించుకోవాలి.

ఇక అన్నిటికంటె విచిత్రమైనది, డిస్క్‌లో ఖాళీ మరీ ఎక్కువగా ఉండటం వల్ల వచ్చే చాలదన్న సందేశం. 1990ల నాటి సాఫ్ట్‌వేర్ సీడీ వేస్తే ఇన్‌స్టాలర్ 51 జీబీ ఖాళీ ఉన్న డిస్క్‌ను చూసి 300 ఎంబీ లేదంటుంది. విండోస్ 95 మొదట వచ్చినప్పుడు ఒక పార్టిషన్ 2 జీబీని మించేది కాదు. కాబట్టి ఖాళీని రుణ సంఖ్యలకు కూడా చోటున్న 32 బిట్ల అంకెలో దాచుకోవడంలో ఆనాటి ప్రోగ్రామర్లకు తప్పు తోచలేదు. ఆ అంకె 2 జీబీ దగ్గర పరిమితికి చేరి, ఆపైన రుణ సంఖ్యగా మారి, 4 జీబీ దగ్గర మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 51ని 4తో భాగిస్తే శేషం 3. శేషం 2కు, 4కు మధ్య ఉంటే ఇన్‌స్టాలర్‌కు కనిపించేది రుణ సంఖ్య; ఇక్కడ మైనస్ 1 జీబీ. దీనికి మందు, నమ్మడానికి కష్టమైనా, డిస్క్‌ను ఇంకొంచెం నింపడమే. 2 జీబీల వీడియో ఏదైనా ఆ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఖాళీ 49 జీబీ అవుతుంది, శేషం 1 జీబీ వస్తుంది, ఇన్‌స్టాలర్ మారు మాట్లాడకుండా పని మొదలుపెడుతుంది. తరువాత ఆ వీడియో తీసేయవచ్చు. అలా కాదనుకుంటే విండోస్ 7 నుంచి డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని యాక్షన్ మెనూలో క్రియేట్ వీహెచ్‌డీ ద్వారా 1500 ఎంబీల కృత్రిమ డిస్క్ ఒకటి తయారుచేసి, దానిలో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

నోరు మూయించడం గురించి

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో నో లో డిస్క్ స్పేస్ చెక్స్ అనే విలువను 1 చేస్తే హెచ్చరికలన్నీ ఆగిపోతాయని చాలామంది సలహా ఇస్తారు. కరెంట్ యూజర్ కింద పాలసీస్, ఎక్స్‌ప్లోరర్ అనే చోట దాన్ని పెడతారు; అది పనిచేస్తుంది కూడా. కాని అది ఎఫ్ డ్రైవ్ హెచ్చరికతోపాటు సి డ్రైవ్ హెచ్చరికనూ ఆపేస్తుంది. ఆ తరువాత ఒకరోజు సి డ్రైవ్ నిజంగానే నిండి, ప్రింటుకు ఇవ్వవలసిన ఫైలు సేవ్ కాకుండా పోయేదాకా మనకు తెలియదు. ఉద్యోగరీత్యా ఎవరి కంప్యూటర్‌లోనూ నేను దీన్ని పెట్టలేదు.

మొదట చెప్పిన షాపులో మౌంట్‌వాల్ కొట్టగానే ఎఫ్ డ్రైవ్ మాయమైంది, గంటసేపు కూర్చున్నా బుడగ లేవలేదు. ఆయన తుడిచిన ఎనిమిది జీబీ జాబులు అదృష్టవశాత్తు డి డ్రైవ్ రీసైకిల్ బిన్‌లోనే ఉన్నాయి. బిన్ ఖాళీ చేసేదాకా ఆ జాగా తిరిగి రాదన్న సంగతి ఆయనకు తెలియకపోవడమే మేలయింది. అన్నిటినీ రిస్టోర్ చేశాము. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ ఆ పార్టిషన్‌కు మళ్లీ అక్షరం తగిలించే అవకాశం ఉంది కాబట్టి, ఆ కమాండును విజిటింగ్ కార్డు సైజులో ప్రింటు తీసి సీపీయూ డబ్బా పక్కన అంటించాము. ఎఫ్ స్థానంలో మాత్రం ఒక చిన్న గీత వదిలాము, వచ్చేసారి తగిలే అక్షరం ఏదవుతుందో చెప్పలేము గనుక.